ఇంటి ముందు లైట్లకు ఏది మేలు: సోలారా, 12 వోల్టులా, నేరుగా ఇంటి కరెంటా?

ఈ ఎండాకాలం నల్గొండలో మా ఇంటి ముందు మందారాల వెంట, జామ చెట్టు కింద 12 వోల్టుల లైట్లు పెట్టించాను. అప్పటి నుంచి వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: "సోలార్ పెట్టకపోయినవా? బిల్లు ఉండకపోవు కదా!"

ముందు బిల్లు సంగతి చూద్దాం. నావి 5 వాట్ల ఎల్ఈడీలు ఎనిమిది. రోజుకు ఐదు గంటలు వెలిగినా నెలకు ఆరు యూనిట్లే. దానికోసం సోలార్ అక్కర్లేదు. సోలార్‌తో అసలు సుఖం తవ్వకం లేకపోవడం. మట్టిలో గుచ్చితే పనైపోయింది. అద్దె ఇంట్లో ఉంటే కళ్లు మూసుకుని అదే కొనండి. నేనూ రెండు తెచ్చి చూశాను. వేప చెట్టు నీడలో పెట్టినవి రాత్రి ఎనిమిదిన్నరకే గుడ్డివైపోయేవి. చెట్లకు పైపు పట్టినప్పుడల్లా మన బోరు నీళ్లు చిట్లి ప్యానెల్ మీద తెల్లగా ఉప్పు కట్టేది.

అంతకుముందు ఉన్నవి నేరుగా 230 వోల్టులవి. పోయిన వానాకాలం, ముసురు పట్టిన మూడో రోజు, సన్నజాజి తీగ సర్దబోయి లైటు ఇనుప కడ్డీ ముట్టుకున్నాను. చెయ్యి మోచేతి దాకా జివ్వుమంది. గడ్డపారతో తవ్వితే జానెడు లోతులోనే వైరు. పైపు లేదు, ఎర్తింగ్ లేదు, జాయింటుకు నల్ల టేపు ఒక్కటే. టేపు విప్పితే లోపల నీళ్లు. పిల్లలు ఉత్త కాళ్లతో తిరిగే చోటది.

అందుకే నాకు అన్నిటికంటే తడి నేల లెక్కే ముఖ్యమైంది. రెండడుగుల లోతు, పీవీసీ పైపు, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్చు) అన్నీ పెట్టిస్తే 230 వోల్టులూ మంచిదే. పెద్ద ఆవరణకు అదే నయం కూడా. మన దగ్గర పని చేసేవాళ్లు నిజంగా అవన్నీ పెడతారా అన్నదే నా అనుమానం. 12 వోల్టుల్లో ఆ టెన్షన్ లేదు. ఇంటి కరెంటును 12 వోల్టులకు తగ్గించే పెట్టెను, అంటే డ్రైవర్‌ను, వరండాలో, తడి తగలని ఎత్తులో బిగించాలి. అది మంచి ఐసోలేటెడ్ రకమే (230 వోల్టులు లైట్ల వైపు రాకుండా విడిగా ఉంచేది) కావాలి, చవకది వద్దు. ఇక పార తగిలి వైరు తెగినా లైట్లు ఆరిపోతాయంతే.

దీనికీ ఒక తలనొప్పి ఉంది. 40 వాట్లకు 12 వోల్టుల్లో 3.3 ఆంపియర్లు లాగుతుంది. మొత్తం లోడు 20 మీటర్ల అవతల ఉంటే 1.5 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల మందం) రాగి వైరులో ఒకటిన్నర వోల్టు దారిలోనే పోయి లైట్లు మసకబారతాయి. అందుకే డ్రైవర్ మధ్యలో పెట్టి రెండు లైన్లుగా చీల్చండి. ఏ రకం కొన్నా నేలలో పాతే లైటుకు ఐపీ67, పైన నిలబడేదానికి ఐపీ65 (నీళ్లు, దుమ్ము ఎంత ఆపుతుందో చెప్పే రేటింగ్) ఉందేమో డబ్బా మీద చూడండి. తెల్ల వెలుగు కంటే 3000 కెల్విన్ పసుపు వెలుగుకు ఉసిళ్లు తక్కువగా మూగుతాయి.

ఇక సెన్సార్ ఫ్లడ్ లైటు, సీరియల్ బల్బులు అంటారా, ఒకటి దొంగలకు, ఇంకోటి పెండ్లికి.

నా గేటు దగ్గరి రెండు లైట్లూ ఇప్పటికీ కాస్త మసకే. అక్కడిదాకా ఇంకా మందమైన 2.5 ఎస్‌క్యూ ఎంఎం వైరు వేయాలి. నాలుగు వానలు పడి చెల్క మెత్తబడ్డాక తవ్వుతాను.