పత్తికి గుత్తకు కలుపు మందు కొట్టిస్తున్నారా? ముందు ఆ ట్యాంకులో నిన్న ఏం పోశారో అడగండి

పత్తి రైతులందరూ దయచేసి ఇది పూర్తిగా చదవండి. మాది వరంగల్ వైపు. ఈ వానాకాలం మా చేను దెబ్బతిన్నది మందు వల్ల కాదు, మందు కొట్టిన ట్యాంకు వల్ల.

ముసురు విడవక గుంటుక తోలి కలుపు తీసే అదను దొరకలేదు. కూలీలతో తీయిద్దామంటే ఎకరాకు పది, పన్నెండు మంది ఆడవాళ్లు కావాలి. మా ఊళ్లో కూలి 400, ఆటో కిరాయి వేరే. అంటే ఒక్కసారి కలుపు తీతకే ఎకరాకు నాలుగైదు వేలు, అదీ మనుషులు దొరికితే. అందుకే లైసెన్స్ ఉన్న దుకాణంలో బిల్లు రాయించుకుని గడ్డి జాతికి క్విజలోఫాప్ ఇథైల్, వెడల్పాకు కలుపుకు పైరిథియోబాక్ సోడియం తెచ్చాం. ఎకరాకు మొదటిది 400 మి.లీ., రెండోది 250 మి.లీ. విత్తిన 20–30 రోజుల మధ్య, కలుపు లేతగా ఉండి నేలలో తేమ ఉన్నప్పుడు పత్తిలో ఈ రెండూ వాడొచ్చు. మందు సరైనదే, మోతాదూ సరైనదే.

కొట్టడానికి మాత్రం బయటి నుంచి ట్రాక్టర్ స్ప్రేయర్ వాళ్లు వచ్చారు. వారం తిరిగేసరికి కొత్త ఆకులన్నీ బెండ ఆకుల్లా చీలి, సన్నగా సాగి, ఈనెలు తెల్లగా పైకి తేలాయి. కొసలు మెలితిరిగాయి. పైరిథియోబాక్ కొట్టాక ఆకు కాస్త పసుపుబారడం మామూలే, కొన్నాళ్లకు అదే పోతుంది. ఇది అలాంటిది కాదు. ఏఈఓ (మండల వ్యవసాయ విస్తరణ అధికారి) గారు వచ్చి చూడగానే 2,4-డి అనే వెడల్పాకు కలుపు మందు దెబ్బ అన్నారు. ఆరా తీస్తే ముందు రోజే పక్క ఊళ్లో మొక్కజొన్నకు అదే ట్యాంకుతో 2,4-డి కొట్టారని తెలిసింది. ఒక్కసారి నీళ్లు తిప్పి పారబోసి, నేరుగా మా చేలోకి వచ్చేశారు.

మొక్కజొన్న, వరి గడ్డి జాతి పైర్లు కాబట్టి తగిన మోతాదులో 2,4-డిని తట్టుకుంటాయి. పత్తి అస్సలు తట్టుకోదు. పైపుల్లో, ఫిల్టర్‌లో, నాజిల్‌లో మిగిలిన కాస్త మందు చాలు. 2,4-డిలో ఈస్టర్ రకమైతే ఎండకు ఆవిరై గాలివాటున పక్క చేనుకూ వస్తుంది. అందుకే పక్కన మొక్కజొన్న ఉన్నవాళ్లు ఆ రైతుతో ముందే మాట్లాడుకోండి.

నిలదీస్తే స్ప్రేయర్ వాళ్లు "మందే నకిలీదై ఉంటది, దుకాణంలో అడుగు" అన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశారు. వాళ్లు పని చేసినట్టు మా చేతిలో ఒక్క కాగితం లేదు. మెలితిరిగిన కొసలు తుంచి, లీటరు నీటికి 10 గ్రాముల యూరియా కలిపి కొట్టించాం. ఇప్పుడు మంచి చిగురు వస్తోంది, కానీ పూత వెనకబడింది. కొసలు తుంచిన కూలీ, రెండోసారి స్ప్రే కలిపితే మొదట్లోనే మనుషులతో కలుపు తీయించడం చౌకయ్యేది. ఇంకా దిగుబడి నష్టం ఇందులో లెక్కేయలేదు.

కాబట్టి ఎవరిని పిలిచినా, డ్రోన్ వాళ్లయినా సరే, నిన్నా మొన్నా ఏ పైరుకు ఏం కొట్టారో అడగండి. 2,4-డి అని తెలిస్తే ఆ స్ప్రేయర్‌ను చేలోకి రానివ్వకండి. దాన్ని వదిలించాలంటే మూడుసార్లు కడిగి, అమోనియా కలిపిన నీళ్లు రాత్రంతా ట్యాంకులోనూ పైపుల్లోనూ నిలవుంచి, మళ్లీ కడగాలి. రోజుకు నాలుగు చేలు తిరిగే వాళ్లు అంత ఓపిగ్గా చేస్తారని నేను నమ్మను. వీలైతే ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి పత్తికి విడిగా ఒక తైవాన్ పంపు (వీపున వేసుకునే ఇంజన్ స్ప్రేయర్) పెట్టుకోండి.

ఇప్పటికే ఆకు ఇలా మారి ఉంటే ఖాళీ డబ్బాలు పారేయకండి. బిల్లు దాచి, తేదీ పడేలా ఫోటోలు తీసి, వెంటనే ఏఈఓకు చూపించండి.