రద్దు కోరడమా, ఒక్కొక్క పరీక్షను ఆపడమా?

బతికున్న జంతువులపై ప్రయోగాలను వ్యతిరేకించినవారిలో ఎంత అడగాలన్న విషయంలో తొలినుంచీ భేదాభిప్రాయం ఉంది. బ్రిటన్‌లో ఫ్రాన్సెస్ పవర్ కాబ్ 1875లో ఒక సంఘాన్ని స్థాపించగా, మరుసటి ఏడాది వచ్చిన చట్టం ప్రయోగాలను నిషేధించక లైసెన్సుల పద్ధతిని మాత్రమే ప్రవేశపెట్టింది. ఆ తరువాత ఆమె సంపూర్ణ రద్దుకే కట్టుబడ్డారు. 1898లో అదే సంఘం చిన్న సంస్కరణలను కూడా కోరుతామని తీర్మానించినప్పుడు ఆమె దాన్ని విడిచి వేరే సంఘం పెట్టారు. 1876 నాటి చట్టం స్థానంలో 1986 వరకు మరొకటి రాలేదు.

అమెరికాలో హెన్రీ స్పైరా దీనికి భిన్నమైన దారి పట్టారు. ఆయన ఒక సంస్థను, ఒక పరీక్షను ఎంచుకుని, ముందు సంప్రదింపులకు ప్రయత్నించి, అవి ఫలించకపోతేనే వీధికెక్కేవారు. న్యూయార్క్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో పిల్లులపై జరుగుతున్న ప్రయోగాలకు వ్యతిరేకంగా 1976లో మొదలుపెట్టిన నిరసన వాటిని ఆపించింది. కుందేళ్ళ కళ్ళలో రసాయనాలు వేసి, కలిగే హానిని గమనించే డ్రేజ్ పరీక్షపై 1980లో ఆయన పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేయించగా, సౌందర్య సాధనాలు తయారుచేసే రెవ్లాన్ కంపెనీ ప్రత్యామ్నాయాల పరిశోధనకు 7,50,000 డాలర్లు ఇచ్చింది.

నా దృష్టిలో కాబ్ పట్టుదల నైతికంగా ఉన్నతమైనదే. అయినా బోనులో ఉన్న ప్రాణికి స్పైరా మార్గమే త్వరగా అందుతుందని నమ్ముతున్నాను. భారతదేశం కూడా 2014లో సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని నిషేధించింది. మందుల పరీక్షలు ఆ నిషేధం పరిధిలోకి రాలేదు.