పాత బుల్లెట్‌లో పెట్రోల్ లీకులు: ఏళ్ళ తరబడి వాడాక ఏది నిలిచింది, ఏది నిలవలేదు

బుల్లెట్ కింద ఆయిల్ మరక కనిపిస్తే ఎవరూ కంగారు పడరు. ఆయిల్ కారడం లేదంటే అందులో ఆయిల్ లేనట్టే అని ఒక జోకు కూడా ఉంది. పెట్రోల్ సంగతి వేరు, కింద ఇంజిన్ కాలుతూ ఉంటుంది. నా బండి 1980ల చివరి నాటి కాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్ 350, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బొరేటర్ మిక్‌కార్బ్ కంపెనీది. విజయవాడ ఎండల్లో, వానల్లో తిరిగే బండే తప్ప గుడ్డ కప్పి దాచుకునేది కాదు. పెట్రోల్ కారడానికి వీలున్న ప్రతిచోటా ఎప్పుడో ఒకప్పుడు కారింది. ఆపడానికి నేను వాడినవాటిలో ఏవి డబ్బుకు తగ్గవో ఇక్కడ చెబుతున్నాను.

ముందు లీకు ఎక్కడో తేల్చుకోవాలి. చుక్క పడే చోటే లీకు అనుకుంటే పొరపాటు. ట్యాంకుకీ, దాని కింద పెట్రోల్ తెరిచి మూసే ట్యాప్‌కీ మధ్య ఊరే పెట్రోల్ పైపు వెంట జారి, కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె, అంటే బౌల్ అంచున చుక్కగా వేలాడుతుంది. చూసినవాళ్ళు బౌల్ ప్యాకింగ్ మారుస్తారు, మర్నాడు మళ్ళీ అదే చుక్క. ఇంజిన్ చల్లారాక అంతా పొడిగుడ్డతో తుడిచి, ట్యాప్ చుట్టూ, పైపు మీద, బౌల్ అంచున టాల్కం పౌడర్ చల్లి, ట్యాప్ తెరిచి కాసేపు ఆగండి. మొదట ఎక్కడ పౌడర్ తడిసి ముద్దవుతుందో లీకు అక్కడే. ఇంతకంటే చవకైన పనిముట్టు నాకు దొరకలేదు.

ఇక అసలు గొడవ రబ్బరుతో. మన బంకుల్లో పెట్రోల్‌లో ఇథనాల్ వాటా 2022 నాటికి 10 శాతానికి, 2025 నాటికి 20 శాతానికి వచ్చింది. పాత బండ్ల ఓ-రింగులు, ట్యాప్ సీళ్ళు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కొన్ని ఉబ్బుతాయి, ఆరినప్పుడు కుంచించుకుపోయి బిరుసెక్కుతాయి. వెనకటి మేస్త్రీలు మరల మీద షెల్లాక్ పూసి బిగించేవారు, మామూలు పెట్రోల్‌కి అది దశాబ్దాలు ఆగింది. కానీ షెల్లాక్ ఆల్కహాల్‌లో కరుగుతుంది, ఫర్నిచర్ పాలిష్‌వాళ్ళు దాన్ని స్పిరిట్‌లో కలిపేది అందుకే. ఇథనాల్ వచ్చాక ఆ పూత నా బండి మీద ఒక్క వానాకాలం కూడా నిలవలేదు. ఇప్పుడు నేను రబ్బరు భాగం ఏది కొన్నా, ఇథనాల్‌కి ఆగే రబ్బరు విటాన్‌దేనా అని అడిగే కొంటాను. షాపువాడు "అన్నీ ఒకటే సార్" అంటే పక్క షాపుకి వెళ్తాను.

అన్నిటికంటే ఎక్కువ విసిగించింది ట్యాప్. పాత ట్యాప్ లోపల రబ్బరు సీలు గట్టిపడి, మీట తిప్పే చోట చెమ్మ ఊరేది. బజార్లో దొరికే చవక ట్యాప్ వేయిస్తే కొన్నాళ్ళు బాగానే ఉండి, ఆ తర్వాత రిజర్వ్‌కి తిప్పినప్పుడల్లా కారడం మొదలుపెట్టింది. చివరికి పాత ఇత్తడి ట్యాప్‌నే బాగు చేయించాను. సీలు కూర్చునే ముఖాన్ని అద్దం మీద పరిచిన సన్నని నీటి ఎమెరీ పేపర్‌పై గుండ్రంగా రుద్దారు. నడుమ ఉన్న గీతలు పోయి ముఖమంతా ఒకే మెరుపు వచ్చాక విటాన్ సీలు కూర్చోబెట్టారు. అప్పటినుంచి పొడిగానే ఉంది.

ట్యాంకుకీ ట్యాప్‌కీ మధ్య వాషర్ ఇంకో తలనొప్పి. ఫైబర్ వాషర్ ఒక్కసారికే పనికొస్తుంది, విప్పి మళ్ళీ బిగిస్తే ఊరుతుంది. పైగా ట్యాప్ సరైన వైపు తిరిగి ఆగాలి కాబట్టి మనవాళ్ళు అర చుట్టు తక్కువో ఎక్కువో బిగించి వదిలేస్తారు. ఆటోనగర్‌లో హైడ్రాలిక్ పైపుల షాపుల్లో డౌటీ వాషర్ అని అడగండి, ఇనుప రింగు లోపలి అంచున రబ్బరు అతికించి ఉంటుంది. దానితో బలం పెట్టి బిగించే పని లేదు. ట్యాప్ వంకరగా ఆగితే ఇంకో పల్చని రాగి వాషర్ చేర్చి సర్దుకోవచ్చు. టెఫ్లాన్ టేపు మాత్రం వద్దు, దాని పోగులు తెగి కార్బొరేటర్‌లోకి చేరతాయి.

పైపు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మీటర్ల లెక్కన అమ్మే పారదర్శక ప్లాస్టిక్ పైపు పసుపెక్కి, కర్రలా బిగుసుకుని, చివర్లో వదులై జారిపోతుంది. ఇంధన పైపుల నాణ్యతా ప్రమాణం ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉన్న నల్ల పైపు కొనండి. ఖరీదు ఎక్కువే, కానీ మళ్ళీ దాని జోలికి వెళ్ళే పని పడలేదు.

కార్బొరేటర్‌లో, బౌల్ నిండగానే పెట్రోల్‌ని ఆపే సూది, అంటే ఫ్లోట్ నీడిల్ మొన చూడండి. చుట్టూ సన్నని గాడి పడి ఉంటే అది పెట్రోల్‌ని పూర్తిగా ఆపదు. రాత్రంతా ట్యాప్ తెరిచి ఉంటే బౌల్ నిండి పొంగుతుంది, కొంత ఇంజిన్‌లోకీ దిగి ఆయిల్‌ని పల్చన చేస్తుంది. ఆయిల్‌లో పెట్రోల్ వాసన వస్తే ఆయిల్ మార్చకుండా బండి తీయకూడదు. నీడిల్ ఎంత మంచిదైనా బండి ఆపగానే ట్యాప్ కట్టేయడం మానొద్దు.

ట్యాంకు విషయంలో తొందర పడకూడదు. సైడ్ స్టాండ్ మీద వాలే బండికి ఎడమ పక్క అడుగు మూలలో నీరు చేరుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. పైన పెయింట్ చిన్న బుడగలా లేస్తుంది, గోరుతో నొక్కితే ఊడొచ్చి కింద సూదిమొనంత చిల్లు. దారిలో ఇలా అయితే ఒక మేస్త్రీ చెప్పిన చిట్కా: "సబ్బు రుద్దు బాబూ, ఇంటికెళ్ళేదాకా ఆగుద్ది." నిజంగానే ఆగింది, సబ్బు పెట్రోల్‌లో కరగదు. రెండు ముద్దలు కలిపి అతికించే ఎపాక్సీ మాత్రం మూణ్ణాళ్ళ ముచ్చటే. శాశ్వతంగా పోవాలంటే రేడియేటర్ షాపులో ఇత్తడి వెల్డింగే. వాళ్ళు ట్యాంకును సబ్బునీళ్ళతో పదేపదే కడిగి, లోపల నీళ్ళు నింపి, చిల్లున్న చోట మాత్రమే ఖాళీ వదిలి మంట పెడతారు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి పేలుతుంది, ఇంట్లో ఎవరూ ప్రయత్నించొద్దు.

లోపలి తుప్పుకి నిమ్మఉప్పు వేడినీళ్ళలో కలిపి ఒక పూట నింపి ఉంచడం నాకు బాగా పనిచేసింది. తర్వాత వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి, కాస్త ఆయిల్ కలిపిన పెట్రోల్ తిప్పాలి. ఆలస్యం చేస్తే గంటల్లో కొత్త తుప్పు పసుపు పొరలా వస్తుంది. లోపల ఎపాక్సీ లైనింగ్ పోయించడం నేను ఎవరికీ చెప్పను. నా ట్యాంకులో వెనకటి యజమాని పోయించిన పూత ఇథనాల్ దెబ్బకి అట్టలు అట్టలుగా లేచి ట్యాప్ జల్లెడకి అడ్డం పడింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, లీకు కాదు కదా పెట్రోలే రావడం మానేసింది. ఇథనాల్‌కి ఆగేదని డబ్బా మీద రాసి ఉన్నా, లోపల తుప్పు పూర్తిగా పోకపోతే పూత పట్టదు.

వేసవిలో ఇంకొకటి చూసుకోండి. బంకులో పెట్రోల్ భూమి లోపలి ట్యాంకులోంచి చల్లగా వస్తుంది. పది లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అంచుదాకా కొట్టించి మే నెల ఎండలో నిలబెడితే మూతలోంచి పొంగి పెయింట్ మీదికి కారుతుంది, మనమేమో ట్యాంకుకి చిల్లు పడిందని మేస్త్రీ దగ్గరికి పరిగెత్తుతాం. మెడ కింద రెండు వేళ్ళు ఖాళీ వదిలి కొట్టించండి. మూత ప్యాకింగ్ పాతదైతే మార్చండి, మూతలోని గాలి రంధ్రం మాత్రం మూసుకుపోకుండా చూసుకోండి, లేకపోతే కార్బొరేటర్‌కి పెట్రోల్ అందక బండి దారిలో ఆగిపోతుంది.