ఊడ్నదత్తా ట్రాక్‌లో మా ప్రాడో, నాన్న చెప్పిన వైరు

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో బయల్దేరిన రోజు మా బండిని చూసుకుని మేమే మురిసిపోయాం. పాత టొయోటా ప్రాడోకి వెనక సీట్లు పీకించి ప్లైవుడ్ సొరుగులు పెట్టించాం. వాటిమీద పరుపు, పక్కన నలభై లీటర్ల ఫ్రిజ్, ఇంజిన్ పక్కన రెండో బ్యాటరీ, టాపు మీద పందిరి గుడ్డ, మడత బల్లలు, డబ్బాలు. ఎడారి నడుమ ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ చేరేసరికి అందులో సగం మార్చేశాం, కొన్ని వదిలించుకున్నాం.

జులై నెల, అంటే అక్కడ చలికాలం. పోర్ట్ ఆగస్టా, హాకర్ దాటి ఎడారిలోని చిన్న ఊరు మారీ చేరుకున్నాం. రైళ్లు రాకముందు ఈ ఎడారికి సరుకు మోసింది ఒంటెలే. వాటిని తోలడానికి అఫ్గానిస్తాన్, బలూచిస్తాన్, పంజాబ్ వైపు నుంచి వచ్చిన మనుషులు ఇక్కడ కాపురం ఉన్నారు. అంత దూరం నుంచి వచ్చి ఈ దుమ్ములో ఎలా బతికారో అనుకుంటూ టీ తాగి, రోడ్డు తెరిచే ఉందని బోర్డు చూసుకుని బయల్దేరాం. వాన పడితే ఈ రోడ్లు మూసేస్తారు, కాదని వెళ్తే జరిమానా.

మారీ నుంచి మార్లా దాకా ఊడ్నదత్తా ట్రాక్ 620 కిలోమీటర్ల మట్టిరోడ్డు. రేకుల షెడ్డు కప్పు మీద బండి నడిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మొదటి గంట మా ఆయన పళ్లు బిగించి నడిపారు. తర్వాత ఆపి, టైర్లలో 38 పీఎస్‌ఐ ఉన్న గాలిని 28కి తగ్గించి, వేగం 70 దాటనివ్వకుండా వెళ్తే సగం అదురు పోయింది. పైసా ఖర్చు లేని మార్పు ఇదొక్కటే.

దుమ్ము మాత్రం వదల్లేదు. అద్దాలన్నీ మూసినా వెనక డోరు సందుల్లోంచి లోపలికి లాక్కుంటుంది. ఏసీని లోపలిగాలి మీద కాకుండా బయటిగాలి మీద పెట్టి ఫ్యాను పెంచితే బండిలో ఒత్తిడి పెరిగి కాస్త తగ్గుతుంది. తెలియక మేం మొదటి రోజంతా తలకిందులుగా చేశాం. సాయంత్రం సొరుగు లాగితే కందిపొడి డబ్బా మూత మీద ఎర్రమట్టి, కందిపొడి ఒకే రంగులో ఉన్నాయి.

ఆ రాత్రి కౌవర్డ్ స్ప్రింగ్స్‌లో ఆగాం. మొత్తం యాత్రలో నాకు నచ్చిన మకాం అదే. పాత రైలుమార్గం పక్కన ఖర్జూర చెట్లు, భూమిలోంచి ఉబికే వెచ్చటి నీళ్లకి పాత రైలు స్లీపర్లతో కట్టిన చిన్న మడుగు, కట్టెల పొయ్యితో వేడయ్యే స్నానాల గది. కరెంటు ప్లగ్గు ఉండదు. కుక్కర్‌లో పప్పు మూడు కూతలు కూయగానే పక్క గుడారంలోంచి ఒక పెద్దాయన తల బయట పెట్టాడు, ఏదో పేలిందనుకున్నాడట.

అసలు గొడవ ఫ్రిజ్‌తో. రాత్రి రెండింటికి ఆగిపోతోంది. పెరుగు పులిసిపోయింది, పాలు పారబోశాం. విలియం క్రీక్ నుంచి పక్కకి తిరిగి కూబర్ పీడీ చేరేదాకా ఫ్రిజ్ కంపెనీని తిడుతూనే ఉన్నాం. సిగ్నల్ రాగానే నాన్నకి ఫోన్ చేశాను. నరసరావుపేట దగ్గర ముప్ఫై ఏళ్లు పొలం మోటార్లకి వైండింగ్ కట్టిన మనిషి.

"ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు ప్లగ్గు చేత్తో పట్టుకుని చూశావా తల్లీ?"

"ఇప్పుడే చూశాను నాన్నా, కాలుతోంది."

"మరి ఫ్రిజ్‌ని తిడతారేంటమ్మా? సన్నవైరు అరకిలోమీటరు లాగి, మోటారు మంచిది కాదన్నట్టుంది. అల్లుడుగారిని ముందు ఓల్టేజీ చూడమను, రెండు చోట్లా."

హార్డ్‌వేర్ షాపులో ఒక మీటరు కొన్నాం. ఫ్రిజ్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు, వెనక ప్లగ్గు దగ్గర 11.2. దారిలోనే ఒక వోల్టు పైగా మాయం. ఫ్రిజ్ ఏమో బ్యాటరీ అయిపోయిందనుకుని తనంతట తాను ఆగిపోతోంది. బండి తయారుచేసిచ్చిన వర్క్‌షాపు (పేరు అనవసరం) సిగరెట్ లైటర్ ప్లగ్గుతో, జడ పిన్నంత వైరుతో సరిపెట్టింది. మట్టిరోడ్డు అదురుకి ఆ ప్లగ్గు వదులై వేడెక్కింది.

ఇంకో తమాషా. అక్కడ షాపుల్లో 6 మిల్లీమీటర్ల ఆటో కేబుల్ అంటే పైన ప్లాస్టిక్ తొడుగుతో కలిపి అడ్డకొలత లెక్క. లోపల రాగి దాదాపు 4.6 చదరపు మిల్లీమీటర్లే. మన ఊళ్లో 4 స్క్వేర్ అంటే రాగే 4 చదరపు మిల్లీమీటర్లు కదా. నాన్న ఈ సంగతి విని అయిదు నిమిషాలు నవ్వారు. చివరికి 8 బీ అండ్ ఎస్ అనే సైజు కేబుల్ తీసుకున్నాం, దాంట్లో రాగి ఎనిమిది స్క్వేర్ దగ్గర ఉంటుంది. బ్యాటరీ పక్కనే ఫ్యూజు, వెనక లైటర్ ప్లగ్గుకి బదులు 50 ఆంపుల ఆండర్సన్ ప్లగ్గు, అంటే అదురుకి వదులవకుండా గట్టిగా పట్టుకునేది. మా ఆయన బండి కింద పడుకుని మధ్యాహ్నమంతా పనిచేశారు. సాయంత్రం ప్లగ్గు దగ్గర 12.1. అప్పటిదాకా సోలార్ పలక కొనాలని వెతుకుతున్నాం. ఆ ఆలోచన అక్కడితో మానుకున్నాం.

కూబర్ పీడీలో ఆ రాత్రి భూమిలో తవ్విన గదిలో పడుకున్నాం. ఓపల్ గనుల ఊరు, బయట ఎండలు మండినా చలి కొరికినా లోపల హాయిగా ఉంటుంది. కిటికీ లేదు, చప్పుడు లేదు. లైటు తీస్తే కళ్లు తెరిచామో మూశామో తెలీదు. ఒక్క రాత్రికి బాగుంది, రెండోది నావల్ల కాదు.

ఉలూరు గురించి పెద్దగా రాయను. ఆ కొండ ముందు నిలబడితే మాటలు తక్కువే వస్తాయి. 2019 అక్టోబరు నుంచి ఎక్కడం ఆపేశారు, చుట్టూ నడవడమే బాగుంది. పార్కు లోపల బస లేదు కాబట్టి అందరూ యులారా క్యాంపుగ్రౌండ్‌కే రావాలి. రద్దీ, ఖరీదు రెండూ ఎక్కువే. అక్కడే మా చిన్న గ్యాస్ పొయ్యి చేతులెత్తేసింది. చిన్న డబ్బాల్లో ఉండేది బ్యూటేన్, సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరవ్వదు. పొద్దున కాఫీ కోసం డబ్బాని దుప్పట్లో పెట్టుకుని వేడిచేశాను. ఆలిస్‌లో నాలుగు కిలోల ఎల్‌పీజీ సిలిండరు, మామూలు బర్నరు కొన్నాక ఆ టెన్షన్ పోయింది.

ఆలిస్‌లోనే టాపు మీద సామాను దించాం. పందిరి గుడ్డ, ఒక బల్ల తక్కువకి అమ్మేశాం. టాపు ఖాళీ అయ్యాక వంద కిలోమీటర్లకి రెండు లీటర్ల డీజిల్ మిగిలింది. తిరుగు ప్రయాణంలో హైవే పక్కన ఉచిత రెస్ట్ ఏరియాల్లో పడుకున్నాం. ఒక సలహా: ఫ్రీజర్ లారీలకి దూరంగా ఆపండి, వాటి మోటారు తెల్లవార్లూ మోగుతుంది.

వెనక డోరు రబ్బరు ఇంకా మార్చలేదు. ఇంటికొచ్చి ధనియాల డబ్బా తెరిస్తే అడుగున చెంచాడు ఎర్రమట్టి. నాన్న మాత్రం రోజూ ఫ్రిజ్ సంగతే అడుగుతున్నారు.