పాత పికప్ హెడ్‌లైట్లు: రిలే వైరింగా, ఎల్‌ఈడీ బల్బులా?

భీమవరం, రాజోలు వైపు కాలవగట్ల మీద రాత్రిపూట రొయ్యల లోడు తోలేవాళ్లకి, పాత బండి హెడ్‌లైట్లు మసకబారినప్పుడు ఈ సందేహం మామూలే.

ఖర్చు: రిలే (పాత స్విచ్చు మీద భారం పడకుండా బ్యాటరీ నుంచి లైట్లకి నేరుగా కరెంటు కలిపే చిన్న స్విచ్చు పెట్టె) కిట్ చవక. మంచి ఎల్‌ఈడీ జత అంతకంటే బాగా ఎక్కువ.

పని: ఎల్‌ఈడీ తొడిగితే అయిపోయింది. రిలేకి ఎలక్ట్రీషియన్ దగ్గర ఓ పూట పోతుంది. కానీ అసలు జబ్బు తరచూ వైరింగ్‌లోనే ఉంటుంది. పాత స్విచ్చు, పచ్చగా చిలుము పట్టిన ఎర్తు వైరు కలిసి వోల్టేజీని తినేస్తాయి. 60/55 వాట్ల (హై బీమ్/లో బీమ్) హెచ్4 రకం హాలోజన్ బల్బు పసుపుగా, గుడ్డిగా వెలుగుతుంది. రిలే ద్వారా బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిస్తే అదే బల్బు తెల్లగా విచ్చుకుంటుంది.

రిస్కు: హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో (బల్బు వెనక మెరిసే గిన్నెలో) ఎల్‌ఈడీ పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. పక్కనే కాలవ ఉన్న ఇరుకు రోడ్డు మీద ఇది చిన్న విషయమా?

రాత్రి తిరుగుడు ఎక్కువైతే రిలేనే. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ నీరసించి, ఊళ్లోనే తిరిగే బండికైతే బీమ్ కిందికి దించుకుని, కరెంటు తక్కువ తాగే ఎల్‌ఈడీ వేసుకోవచ్చు. రిఫ్లెక్టర్ పూతే పోయిందా, రెండూ దండగ. ముందు అది మార్పించండి.