బ్లెండర్‌లో ముంజేతి ట్విస్ట్ రిగ్: ఏళ్లు వాడాక తేలిందేమిటంటే

బ్లెండర్ అనే 3డి యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ముంజేతి రిగ్ (బొమ్మను కదిలించే బోన్ల, అంటే ఎముకల, చట్రం) పస తెలియాలంటే స్క్రూడ్రైవర్ తిప్పే షాట్ ఒక్కటి చాలు. ముంజేతికి ఒకే బోన్ పెట్టి, చేతి బోన్‌ను 180 డిగ్రీలు తిప్పితే మణికట్టు దగ్గర మెష్ (బొమ్మ పైతొడుగు) చాక్లెట్ కాగితంలా నలిగి పోగైపోతుంది. వెయిట్ పెయింట్ (ఏ బోన్ మెష్‌ను ఎంత లాగాలో చెప్పే రంగు పూత) ఎంత దిద్దినా ఇది పోదు. పక్కపక్క బోన్ల మధ్య కోణంలో సగానికి కొసైన్ ఎంతో, రెండింటి లాగుడు సగం సగం ఉన్న నడిమి చోట మందం అంతే మిగులుతుంది: 180కి సున్నా, 90కి 71 శాతం, 30కి దాదాపు 97.

అందుకే నా ఓటు మెలికను పంచుకునే నాలుగు ట్విస్ట్ బోన్లకే. మోచేతి నుంచి వరసగా 0, 0.33, 0.66, 1 వంతుల మెలిక. అసలు చెయ్యీ ఇంతే, అల్నా దాదాపు కదలదు, రేడియస్ దాని మీదుగా దొర్లుతుంది. నాలుగూ నేరుగా ముంజేతి బోన్‌కే పిల్లలు (దాని వెంట కదిలేవి) కావాలి. ఒకదానికొకటి గొలుసు కట్టారో, వంతులన్నీ కూడి మణికట్టు దగ్గర మెలిక రెట్టింపవుతుంది. ముంజేతి బోన్‌కు డిఫార్మ్ (మెష్‌ను లాగే) టిక్ తీసెయ్యాలి.

ఈ మెలిక ఇవ్వడానికి కాపీ రొటేషన్ (ఒక బోన్ తిరుగుడును మరోదానికి నకలు చేసే కన్‌స్ట్రెయింట్, అంటే బోన్‌కు తగిలించే నియమం) తేలికే గానీ, మణికట్టు బాగా వంచితే లేని మెలిక పుట్టిస్తుంది. డ్రైవర్ (ఒక విలువతో మరో విలువను నడిపే సూత్రం) మేలు: చేతి బోన్ వై రొటేషన్, మోడ్ 'స్వింగ్ అండ్ వై ట్విస్ట్' (వంపును వదిలి మెలికనే కొలిచేది), లోకల్ స్పేస్, వచ్చిన విలువను ఆ బోన్ వంతుతో, అంటే రెండోదానికైతే 0.33తో, గుణించడం. ట్విస్ట్ బోన్ కదలకపోతే దాని రొటేషన్ మోడ్ ఇంకా క్వాటర్నియన్‌లోనే (తిరుగుడును నాలుగు అంకెల్లో రాసే పద్ధతి) ఉందన్నమాట, యూలర్‌కు (మూడు అక్షాల కోణాలకు) మార్చండి. లోకల్ బదులు ట్రాన్స్‌ఫార్మ్ స్పేస్ పెడితే ఎఫ్‌కేలో (బోన్లను ఒక్కొక్కటిగా తిప్పేటప్పుడు) బాగానే ఉండి ఐకేలో (కొసను లాగితే మిగతా చెయ్యి వెంట వచ్చేటప్పుడు) చచ్చుబడుతుంది, అది కన్‌స్ట్రెయింట్ల ఫలితాన్ని చూడదు మరి.

అసలు తలనొప్పి ఫ్లిప్. 180 దాటగానే ప్లస్ కాస్తా మైనస్ అయి ముంజేయి ఒక్క ఫ్రేమ్‌లో ఎదురు తిరుగుతుంది. దీనికి మందు రెస్ట్ పోజ్‌లో (రిగ్ కట్టేటప్పటి మొదటి భంగిమలో) ఉంది. మోచేతి మడత ఎటు చూస్తుందో బొటనవేలూ అటే చూడాలి. అప్పుడు అటు 80, ఇటు 80 చాలు. అరచేయి మడత వైపు ఉంటే చెయ్యి అప్పటికే ఒక కొసన ఉన్నట్టు, 160 దాకా అంతా ఒకే వైపు తిరగాలి. ఇది బొమ్మ తయారుచేసే మోడలర్‌కు మొదటి రోజే చెప్పాల్సిన మాట, స్కిన్నింగ్ (మెష్‌ను బోన్లకు అతికించడం) అయ్యాక చెబితే తిట్లే.

మందం పోకుండా చూసే ప్రిజర్వ్ వాల్యూమ్ ఆప్షన్‌ను నమ్ముకోకండి, మోచెయ్యి మడిస్తే బుగ్గలా ఉబ్బుతుంది. బెండీ బోన్లు (తమంతట వంగే బోన్లు) చూడ్డానికి నునుపే, కానీ ఎఫ్‌బీఎక్స్ ఫైల్‌లో ఆ వంపు గేమ్ ఇంజిన్ దాకా చేరదు. ట్విస్ట్ బోన్లయితే డ్రైవర్లు పోయినా, ఎక్స్‌పోర్ట్‌లో యానిమేషన్ బేక్ చేస్తే (ఫ్రేమ్‌ఫ్రేమ్‌కూ విలువలుగా రాసేస్తే) మెలిక ఉన్నదున్నట్టు వెళ్తుంది.