ఆకలిని ఒక రోజు ముందే చెప్పుకోవాలి: విమానంలో ప్రీబుక్ భోజనంపై ఒక పాత ప్రయాణికుడి సమీక్ష

ఉద్యోగరీత్యా 2011 నుంచి నెలకు రెండుసార్లయినా హైదరాబాద్ నుంచి ఢిల్లీకి వెళ్లివస్తున్నాను. ఏడాదికొకసారి నేనూ మా ఆవిడా గల్ఫ్ మీదుగా డాలస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తాం. ఇన్నేళ్ల ప్రయాణాల్లో సీట్లు మారడం, ధరలు మారడం కంటే భోజనం పెట్టే తీరు మారడమే నాకు ఎక్కువగా తెలిసివచ్చింది. ఒకప్పుడు "వెజ్జా, నాన్‌వెజ్జా" అన్న ఒక్క ప్రశ్నతో ట్రే ముందుకు వచ్చేది. ఇప్పుడు ముందు రోజే ఫోన్‌లో మెనూ తెరిచి, బొమ్మలు చూసి, డబ్బు కట్టి, రేపు ఉదయం ఏడున్నరకు ఏం తినబుద్ధవుతుందో ఈ రాత్రే తేల్చుకోవలసి వస్తోంది. నేను సమీక్షిస్తున్నది ఈ పద్ధతిని, ఏ ఒక్క విమానసంస్థనూ కాదు. సుమారు ఎనిమిదేళ్లుగా వాడుతున్నాను కనుక దీని మంచీ చెడూ రెండూ నా కడుపుకు తెలుసు.

పాత పద్ధతిని నేను బంతి భోజనంతో పోల్చుకునేవాణ్ణి. పెళ్లిలో బంతి వేసినప్పుడు ఎవరికి ఏది ఇష్టమో అడగరు. ఆకులు పరిచి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా వడ్డించుకుంటూ పోతారు, అందరూ ఇంచుమించు ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి లేస్తారు. విమానంలోనూ అంతే. ముందు వరుసలో అల్యూమినియం రేకు విప్పిన వాసన వెనక వరుసదాకా వచ్చేది, దానితోపాటే మనకూ ఆకలి వేసేది. ఒక బన్ను, వెన్న బిళ్ల, చల్లబడిన సలాడు, పప్పో పనీరో వేసిన అన్నం, ప్లాస్టిక్ కప్పులో గులాబ్‌జామ్. రుచి సంగతి అలా ఉంచితే, పక్కసీటాయనా మనమూ తినేది ఒకటే.

ఆ బంతి ఒక్కరోజులో లేవలేదు. మన దేశంలో 2003లో ఎయిర్ డెక్కన్ ఉచిత భోజనం లేకుండానే విమానాలు నడిపింది, 2006లో వచ్చిన ఇండిగో అదే దారి పట్టింది. ట్రే పెట్టే సంస్థల్లో కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో ఆగిపోయాయి. 2015లో మొదలైన విస్తారా 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. ఇప్పుడు దేశీయ మార్గాల్లో ఎకానమీ టికెట్టులోనే భోజనం కలిసి ఉండేది ప్రధానంగా ఎయిర్ ఇండియాలోనే. మిగతావన్నీ కొనుక్కుని తినేవే. "విమానంలో తిండికి డబ్బులా" అని ఆశ్చర్యపోయే పెద్దవాళ్లకు నేనొక మాట చెబుతుంటాను: 1919లో లండన్–పారిస్ మార్గంలో హాండ్లీ పేజ్ అనే సంస్థ మొట్టమొదటిసారి ప్రయాణికులకు అందించిన భోజనపు పెట్టె కూడా ఉచితం కాదు, 3 షిల్లింగులు పెట్టి కొనుక్కోవలసిందే.

కొనుక్కోవడం అలవాటైనా ముందే ఎంచుకోవడం అలవాటు కావడానికి అసలు కారణం మన చేతిలోని ఫోన్. 2014లో స్విగ్గీ మొదలయ్యాక నాలుగైదేళ్లలోనే మన ఇళ్లలో "కారం తగ్గించు, ఉల్లిపాయ వద్దు" అని తెర మీద నొక్కితే అరగంటలో గుమ్మం ముందు ప్యాకెట్టు ఉండటం మామూలైపోయింది. అలా అలవాటుపడ్డ మనిషి, ట్రాలీ తన వరుసకు వచ్చేసరికి "సారీ సర్, శాండ్‌విచ్ ఒక్కటే మిగిలింది" అంటే సహించడు. ఆపైన కొవిడ్ వచ్చింది. 2020 మే 25న దేశీయ విమానాలు మళ్లీ ఎగిరినప్పుడు భోజనమే లేదు. ఆగస్టు చివర ప్యాక్ చేసినవాటికి అనుమతి వచ్చింది. 2021 ఏప్రిల్‌లో రెండు గంటలలోపు ప్రయాణాలకు మళ్లీ ఆపి, నవంబరులో సడలించారు. ఆ ఏడాదిన్నరలో కొందరు ఇంటినుంచి డబ్బా తెచ్చుకోవడానికీ, మరికొందరు అన్నీ ఫోన్‌లోనే తేల్చుకోవడానికీ అలవాటుపడ్డారు.

అయితే నేలమీది అలవాటు గాలిలోకి వెళ్లేసరికి తలకిందులైంది. ఇంట్లో "అడిగినప్పుడు" అంటే ఆకలి వేసినప్పుడు అని అర్థం. విమానంలో "అడిగినప్పుడు" అంటే ఇరవైనాలుగు గంటల ముందు అని అర్థం. ఇందుకు సంస్థలను తప్పుపట్టి లాభం లేదు. విమానంలో వంటగది ఉండదు. తిండి సర్దే చోటైన గ్యాలీలో ఉన్నవి వేడిచేసే ఓవెన్లూ, నీళ్లు కాచే పాత్రలూ మాత్రమే. విమానాశ్రయం పక్కన ఉండే ఫ్లైట్ కిచెన్‌లో వండి, వెంటనే 5 డిగ్రీల లోపుకు చల్లార్చి, ట్రాలీలకు ఎక్కించి, లారీలో తెచ్చి విమానంలోకి తోస్తారు. తలుపు మూసుకున్నాక ఒక్క ఇడ్లీ కూడా అదనంగా పుట్టదు. 2024లో స్విగ్గీ రైలు ప్రయాణికులకు సీటు దగ్గరికే భోజనం తేవడం మొదలుపెట్టినప్పుడు తొలి స్టేషన్లలో విజయవాడ, విశాఖపట్నం కూడా ఉన్నాయి. దువ్వాడ దాటాక ఆర్డరిచ్చినా బెజవాడలో వేడివేడిగా అందుతుంది. విమానానికి మధ్యలో బెజవాడ రాదు.

ఒకసారి కదలని క్యూలో విసుగుపుట్టి లెక్క వేశాను. ఎయిర్‌బస్ ఎ320లో 186 సీట్లు ఉంటే, యాభై సీట్లకు ఒకరు చొప్పున క్యాబిన్ సిబ్బంది నలుగురు. రెండు ట్రాలీలు బయలుదేరి, ఒక్కొక్కరికి ఒక్క నిమిషం పట్టినా, అందరికీ అందేసరికి 93 నిమిషాలు. హైదరాబాద్–ఢిల్లీ మార్గంలో పైకెక్కడం, దిగడం తీసేస్తే మిగిలేది ఇంచుమించు అంతే. విశాఖకు వెళ్లే విమానంలోనైతే అరగంట మిగిలితే గొప్ప. అక్కడే నిలబడి మెనూ చదివి, ధర అడిగి, కార్డు గీకి, చిల్లర వెతికే పద్ధతి సాగే పని కాదు. ముందే బుక్ చేసినవారి సీటు నంబర్లు సిబ్బంది దగ్గర జాబితాగా ఉంటాయి. వచ్చి, పేరు అడిగి, పెట్టె చేతికిచ్చి వెళ్లిపోతారు. ఈ ఒక్క విషయంలో పద్ధతికి నేను పూర్తి మార్కులు వేస్తాను. 22వ వరుసలో కూర్చున్నా నాకు కావలసింది అయిపోదు.

ఇక తిండి సంగతి. ఎనిమిదేళ్లలో మెనూలో ఉన్నవన్నీ తిని చూశాను కనుక ధైర్యంగానే చెబుతున్నాను: విమానంలో ఇడ్లీ జోలికి వెళ్లకండి. చల్లార్చి మళ్లీ ఓవెన్‌లో పెట్టిన ఇడ్లీ అంచులు అట్టలా బిగుసుకుంటాయి, మధ్య మాత్రం చల్లగా ఉంటుంది. బిరియానీ ఫరవాలేదు గాని పైపొర మెతుకులు ఎండుతాయి. అడుగునుంచి కలుపుకుని తినాలి. పెరుగన్నం నేలమీద ఎంత కమ్మగా ఉన్నా పైన చప్పగా అనిపిస్తుంది. ఇది నా భ్రమ కాదు. క్యాబిన్‌లో గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది, తేమ 20 శాతం లోపే. ముక్కు, నాలుక ఎండిపోతాయి. 2010లో లుఫ్తాన్సా కోసం జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ చేసిన పరిశీలనలో అటువంటి వాతావరణంలో ఉప్పు తెలియడం 20 నుంచి 30 శాతం తగ్గుతుందని తేలింది. పులుపు అంతగా దెబ్బతినదని నా నాలుక చెప్పే సాక్ష్యం. టమాటా పప్పు, చింతపండు పడిన ఏ వంటకమైనా గాలిలో నిలబడుతుంది, పులిహోర అన్నిటికంటే బాగా నిలబడుతుంది.

వేడినీళ్లు పోసి మూతపెట్టే కప్పు ఉప్మా గురించి కూడా చెప్పాలి. కప్పు మీద రాసిన నిమిషాలు నేలమీది లెక్క. ఎనిమిది వేల అడుగుల పీడనంలో నీళ్లు సుమారు 92 డిగ్రీలకే మరుగుతాయి, కప్పులో పోసేసరికి ఇంకా తగ్గుతాయి. రాసిన దానికి రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఆగి, ఒకసారి అడుగునుంచి కలిపి, మళ్లీ మూత పెడితే రవ్వ పలుకు లేకుండా ఉడుకుతుంది. ఈ చిట్కా నాకు చెప్పినామె ఒక ఎయిర్‌హోస్టెస్. "సార్, అందరూ తొందరపడి తినేసి బాలేదంటారు" అని నవ్వింది.

ఇప్పుడు ఫిర్యాదులు. ఒక సంస్థ విమానంలో గేటు దగ్గర నా సీటును 14సి నుంచి 21ఎఫ్‌కు మార్చారు. భోజనం మాత్రం 14సికే వెళ్లింది. నేను వెళ్లి అడిగేసరికి అక్కడ కూర్చున్న యువకుడు, ఉచితంగా ఇచ్చారేమో అనుకుని, నా వెజ్ పులావ్ సగం పూర్తిచేసి ఉన్నాడు. అతని తప్పేమీ లేదు, పాపం చెంచా కింద పెట్టేశాడు. తినమని చెప్పి నేను జీడిపప్పు ప్యాకెట్టు కొనుక్కుని కూర్చున్నాను. మరోసారి ఇంకొక సంస్థలో నా విమానం రద్దయి తర్వాతిదానికి మార్చారు, టికెట్టు మారింది గాని దానితోపాటు భోజనం మారలేదు; కట్టిన 400 చిల్లర వాపసు రావడానికి మూడు ఈమెయిళ్లు, నెల రోజులు పట్టాయి. ఇంటికి తెప్పించుకునే యాప్‌లో ఆర్డరు రాకపోతే పది నిమిషాల్లో డబ్బు తిరిగివస్తుంది. అలవాటును అక్కడినుంచి తెచ్చినప్పుడు ఆ బాధ్యతను కూడా తేవాలి గదా.

అంతర్జాతీయ ప్రయాణంలో సంగతి కొంత వేరు. అక్కడ భోజనం టికెట్టులోనే ఉంటుంది, కాని ప్రత్యేక భోజనాన్ని కనీసం 24 గంటల ముందు సంకేతాక్షరాలతో కోరాలి. మన తరహా శాకాహారానికి ఏవీఎంఎల్, హిందూ మాంసాహారానికి హెచ్ఎన్ఎంఎల్, మధుమేహానికి డీబీఎంఎల్, జైనులకు వీజేఎంఎల్. మొదటి డాలస్ ప్రయాణంలో నేను శాకాహారమే గదా అని వీజీఎంఎల్ ఎంచుకున్నాను. అది పాలూ పెరుగూ కూడా లేని వీగన్ భోజనమని పధ్నాలుగు గంటల దారిలో మజ్జిగ చుక్క లేక తెలుసుకున్నాను. ప్రత్యేక భోజనాలను ముందుగా పంచుతారు, అందువల్ల నా ట్రే అందరికంటే ముందు వస్తుంది, మా ఆవిడది ట్రాలీ వచ్చేదాకా రాదు. నేను చల్లార్చుకుంటూ కూర్చుంటాను, ఆమె "తినండి, ఫరవాలేదు" అంటుంది, చివరికి ఇద్దరిలో ఎవరమూ వేడిగా తినం. ఇప్పుడు ఇద్దరికీ ఏవీఎంఎల్ పెట్టిస్తున్నాను, ఆమెకు చేపల కూర ఇష్టమైనా సరే.

నిజంగా కోరినప్పుడు పెట్టే భోజనం ఉన్నది బిజినెస్ తరగతిలో. కతార్ ఎయిర్‌వేస్ వంటి సంస్థల్లో ఏ సమయంలోనైనా మెనూలోనిది అడగవచ్చు. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో 1998 నుంచే పై తరగతులవారు వంటకాన్ని ముందుగా చెప్పి చేయించుకునే ఏర్పాటు ఉంది. ప్రయాణాలకు విమానసంస్థ ఇచ్చే పాయింట్లు (మైళ్లు) కూడబెట్టి ఒకే ఒక్కసారి ఆ తరగతిలో వెళ్లాను. తెల్లవారుజామున మూడింటికి ఆకలేసి అడిగితే పావుగంటలో పళ్లెం వచ్చింది. అంతకంటే దాని గురించి రాయదగ్గది లేదు. కొద్దిమందికి అంతమంది సిబ్బంది ఉంటే ఎక్కడైనా సాధ్యమే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది దీనికి వ్యతిరేకమైన సదుపాయం: భోజనం వద్దని ముందే చెప్పడం. జపాన్ ఎయిర్‌లైన్స్‌లో ఆ వీలుంది. అర్ధరాత్రి విమానంలో నిద్రే కావాలనుకునేవాడి కోసం భోజనం అసలు వండకపోవడం చిన్న విషయం కాదు, ఎందుకంటే పశువుల రోగాలు వ్యాపిస్తాయన్న భయంతో చాలా దేశాలు విదేశాలనుంచి వచ్చిన విమానాల తిండి వ్యర్థాలను కాల్చాలనో లోతుగా పాతిపెట్టాలనో నియమం పెట్టాయి. మూత తీయని పెట్టెకు కూడా మినహాయింపు ఉండదు. శంషాబాద్ నుంచి రాత్రి మూడింటికి, నాలుగింటికి బయలుదేరే గల్ఫ్ విమానాల్లో కళ్లు మూతలు పడుతూ ట్రే అందుకుని, తెరవకుండానే తిరిగి ఇచ్చే మనవాళ్లను ఎంతమందినో చూశాను. ఆ మార్గాల్లో ఈ "వద్దు" బొత్తాం అందరికంటే ముందు రావలసింది.

ఈ పద్ధతిలో నేను క్షమించలేని లోపం ఒకటే: ఫోన్ తెలియనివారికి ఇది కనబడదు. రెండేళ్ల క్రితం మా అమ్మ ఒంటరిగా ఢిల్లీ నుంచి వస్తూ, టికెట్టులో భోజనం లేదని ఎరగక, ముందు వరుసలో పెట్టెలు ఇస్తుంటే తనకూ వస్తుందని ట్రే బల్ల దించుకుని కూర్చుంది. సీటు నంబరు జాబితాలో లేదు, ట్రాలీ పక్కనుంచి వెళ్లిపోయింది. బంతిలో కూర్చున్నాక ఆకు మీద వడ్డించకుండా వెళ్లడం ఆమె ఎనభై ఏళ్ల జీవితంలో చూడలేదు. "అడిగితే బాగుండదేమోనని అడగలేదురా" అంది ఇంటికి వచ్చాక. వీల్‌చైర్ సాయం కోరిన పెద్దవాళ్ల వివరాలు సిబ్బంది దగ్గర ఉంటాయి. వారిని "అమ్మా, ఏమైనా తింటారా" అని ఒక్క మాట అడగడానికి యాప్ అవసరం లేదు.

అప్పటినుంచి ఆమె టికెట్టు తీసిన రోజే భోజనం కూడా నేనే బుక్ చేస్తున్నాను, సీటు మారితే సిబ్బందికి చూపించడానికి రసీదు అచ్చు తీసి పర్సులో పెడుతున్నాను. మా ఆవిడ మాత్రం నా ఏర్పాట్లను నమ్మక చిన్న స్టీలు డబ్బాలో పులిహోర కట్టి ఇస్తుంది. పోయిన సంక్రాంతికి రెండూ అందాయి. అమ్మ పులిహోర తిని, విమానంవాళ్ల పెట్టెను సీలు తీయకుండా తెచ్చి మా పనమ్మాయికిచ్చింది.